బెంటన్‌విల్ గరాజ్‌లో బోరింగు

జ్ఞానప్రసూన ఆముదం గిన్నెలోంచి తోలు వాషర్‌ను పైకి తీసి, బొటనవేలితో అంచు చుట్టూ నొక్కి చూసింది. చిన్న కప్పులా గుంటగా ఉండే వాషర్ అది. బాగా మెత్తబడింది. రెండోదాన్నీ తీసి, తుడిచి, బల్ల మీద పెట్టింది.

అది అమెరికాలోని బెంటన్‌విల్‌లో రఘు వాళ్ల గరాజ్. రెండు కార్లు ఉండేచోట ఇప్పుడొక బోరింగు నిలబడి ఉంది. కింద నీళ్ల డ్రమ్ము, అందులోకి పొట్టి గొట్టం, దాని కొసన సిలిండర్. జాంబియాలో ఒక పల్లెలోని క్రైస్తవ మిషన్‌కి పంపడానికని రఘు వాళ్ల చర్చి ఇండియా నుంచి తెప్పించిన పంపు. పదేళ్లుగా డేకేర్‌లో వంట చేస్తున్న జ్ఞానప్రసూన ఒకప్పుడు మదనపల్లె చుట్టుపక్కల పంచాయతీ బోరింగులు బాగుచేసేదని చర్చిలో ఎవరికీ తెలియదు. ఆ మిషన్ వీడియో చూపించిన రోజు, "ఇది మా బోరింగే కదప్పా!" అని ఆవిడ కుర్చీలోంచి లేచాకే అందరికీ తెలిసింది.

మిషన్‌లో నీళ్ల సంగతి చూసేది ముటింటా. నెల రోజులుగా ఇక్కడి చర్చిలన్నీ తిరిగి, ఆ సాయంత్రం ఫ్లైట్‌కి వెళ్లిపోతోంది. అక్కడ తెల్లారకముందే బకెట్లు వరుస కడతాయి. కాన్పు గదికి రెండు, బడిపిల్లల జావకి మూడు, మిగిలినవి ఆడవాళ్లు పెంచే చిక్కుడు మళ్లకి. ఇప్పుడవన్నీ ఏటి ఇసుకలో చెలమ తవ్వి మోసుకొచ్చే నీళ్లే. లోగడ దానంగా వచ్చిన రెండు పంపులూ, అరిగిన వాషర్ మార్చే మనిషి లేక మూలపడ్డాయి. మూడోదానికీ అదే గతి పట్టకూడదంటే, ఫ్లైట్ ఎక్కేలోగా ముటింటా తన చేతులతో విప్పి బిగించగలగాలి.

నాలుగు రోజులుగా నేర్పుతున్నా ఆ పని కాలేదు. తప్పు ముటింటాది కాదు. ఆమె చేతిలో పానా కాస్త తడబడితే చాలు, జ్ఞానప్రసూన "గివ్, గివ్" అంటూ లాక్కుని తానే బిగించేసేది. పని చేతికొచ్చినవాళ్లకి ఉండే జబ్బే అది. నిన్న ముటింటా నవ్వుతూనే అనేసింది.

"సిస్టర్, నీ చేతులు కూడా నా పెట్టెలో పెట్టి పంపుతావా?"

అందుకే ఇవాళ జ్ఞానప్రసూన చేతులు వెనక్కి కట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

ముటింటా మూత తీసింది. గొలుసు ఊడదీసి, పిడి పక్కన పెట్టి, కడ్డీ పైకి లాగింది. సిలిండర్ తెరిచి, లోపలున్నవి తీసేసి కొత్త వాషర్లు తొడిగింది. రెండూ తలకిందులుగా.

చెప్పాలన్న మాట జ్ఞానప్రసూన నోటిదాకా వచ్చి ఆగింది. పక్కనే నిలబడ్డ రఘు ఆగలేకపోయాడు.

"ఆంటీ, రివర్స్‌లో పెట్టింది!" అన్నాడు తెలుగులో.

"గమ్మునుండు నాయనా."

"చెప్పెయ్యండి ఆంటీ. మూడింటికి స్టార్ట్ అవ్వాలి. ఫ్లైట్ మిస్సయితే రీబుక్ ఎవరు చేస్తారు?"

"నువ్వే చేస్తావు. ఆడ చెప్పేదానికి నువ్వుంటావా, నేనుంటానా?"

అంతా బిగించి ముటింటా పిడి కొట్టింది. పది, ఇరవై, ముప్పై. కిర్రుమన్న చప్పుడే తప్ప చుక్క నీరు రాలేదు. ఆమె జ్ఞానప్రసూన వైపు చూసింది. జ్ఞానప్రసూన గరాజ్ తలుపు వైపు చూసింది. రఘు ఫోన్‌లో టైమ్ చూశాడు.

ముటింటా తన భాషలో ఏదో గొణుక్కుని, మళ్లీ మూత దగ్గర మొదలుపెట్టింది. ఈసారి వాషర్‌ని అరచేతిలో పెట్టుకుని, డ్రమ్ములోంచి కాసిని నీళ్లు దానిలో పోసింది. నిలిచాయి. బోర్లించి పోసింది. జారిపోయాయి. పకపకా నవ్వింది.

"బోర్లించిన కప్పు నీళ్లెలా మోస్తుంది!"

వాషర్లు సరిగా తొడిగి, అంతా బిగించి కొడితే, ఎనిమిదో దెబ్బకి గొట్టం గుటకలు వేసింది. తొమ్మిదోదానికి నీళ్లు ఉరికి రఘు కాళ్ల మీద పడ్డాయి.

"నా షూస్!"

"ఆరతాయిలే," అంది జ్ఞానప్రసూన. ముటింటా వైపు తిరిగి, "వన్స్ మోర్" అంది.

ఈసారి ముటింటా ఎవరి వైపూ చూడకుండా, మధ్యలో ఎక్కడా ఆగకుండా మొత్తం విప్పి బిగించింది. నీళ్లొచ్చాయి.

పంపు తర్వాత ఓడలో వెళుతుంది. పానాలు మాత్రం ముటింటాతోనే వెళ్లాలని జ్ఞానప్రసూన పట్టుబట్టింది. వాటిని లెక్కచూసి సంచిలో వేసి, డజను వాషర్లు, ఆముదం సీసా సర్ది, మూతి బిగించి కట్టింది. కారు దగ్గరికి మోసుకెళ్లి ఆమె చేతికి అందించింది.