దర్జీ మానేసిన వార్తలు

ఆ వీధి దర్జీకి ఒకప్పుడు వార్తల పిచ్చి ఉండేది. పిచ్చి అంటే అంతా ఇంతా కాదు. పొద్దున్నే పేపరు, మధ్యాహ్నం రేడియో, సాయంత్రమైతే దుకాణం గోడకి తగిలించిన టీవీ. పేరు పలకడానికి నోరు కూడా తిరగని ఏదో దేశంలో మంత్రివర్గం పడిపోతే, ఇక్కడ ఈయనకి ముద్ద దిగేది కాదు. ఎవరో ఇద్దరు పెద్దమనుషులు టీవీలో తిట్టుకుంటే, తననే తిట్టినంత ఉడుక్కునేవాడు. "వాళ్లకి లేని బాధ మీకెందుకండీ?" అని భార్య గుండీలు కుడుతూ గొణిగేది. చెవికెక్కితేగా!

చివరికి ఆ పిచ్చిని వదిలించింది హెడ్మాస్టరుగారి కోటు. దాన్ని కత్తిరిస్తున్నప్పుడు టీవీలో ఎక్కడో భూకంపం. దర్జీ ఒక కన్ను గుడ్డ మీద, రెండో కన్ను భూకంపం మీద పెట్టి పని కానిచ్చాడు. కుట్టడం అయింది, ఇస్త్రీ అయింది. హెడ్మాస్టరుగారు దుకాణంలోనే తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. ఎడమ చెయ్యి చక్కగా అమరింది. కుడి చెయ్యి మాత్రం భుజం దగ్గర మెలి తిరిగి వెనక్కి పోయింది. చూస్తే ఏముంది, రెండూ ఎడమ చేతులే కత్తిరించాడు! పని నేర్చుకునే రోజుల్లో కూడా అతను చెయ్యని తప్పు అది.

"ఏవయ్యా, నేను ముందుకి నడవాలా, వెనక్కి నడవాలా?" అన్నారు హెడ్మాస్టరుగారు, అద్దంలోంచి చూస్తూ.

దర్జీకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే టీవీ దింపి అటక మీద పడేశాడు. పేపరు మానేశాడు. రేడియో ఎవరికో ఇచ్చేశాడు. అంతటితో ఊరుకున్నాడా? దుకాణంలో ఎవరు వార్తలెత్తినా వాళ్ల బట్టలు వారం ఆలస్యంగా ఇస్తానని తెగేసి చెప్పాడు.

"అసలే చెప్పిన రోజుకి ఇచ్చిన పాపాన పోలేదు, దాని మీద ఇంకో వారమా!" అని జనం లబోదిబోమన్నారు. అయినా భయపడ్డారు. దర్జీ చేతిలో గుడ్డ పడ్డాక ఎంతటివాడైనా లొంగాల్సిందే కదా.

ఇంట్లోనూ అదే మాట. "మంచైతే చెప్పు, వింటాను. చెడ్డ కబురు మాత్రం నా చెవిన వెయ్యకు. లోకం నేను విన్నా మునుగుతుంది, వినకపోయినా మునుగుతుంది" అన్నాడు భార్యతో. ఆదివారం ఫోన్ చేసినప్పుడు కూతురితోనూ అదే అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. వీళ్లకి ఒక్కతే కూతురు. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న గొడుగుల ఫ్యాక్టరీలో కుట్టుపని విభాగానికి పెద్ద. కత్తెర పట్టడం, కుట్టు తిన్నగా వెయ్యడం నేర్పింది తండ్రే. ఆ సంగతి వచ్చినవాళ్లకల్లా చెప్పుకుని పొంగిపోయేవాడు.

చెప్పొద్దూ, అప్పట్నించి దర్జీ బాగుపడ్డాడు. రాత్రి పడుకుంటే తెల్లారేదాకా మెలకువ లేదు. ఏడాది పాటు ఒక్క గుడ్డ పాడవలేదు. పాత పేపర్లు మాత్రం దుకాణంలోకి వస్తూనే ఉండేవి. కొలతలు ముందు పేపరు మీద గీసి, ఆ ముక్కలు కత్తిరించి, వాటిని గుడ్డ మీద పరిచి కొయ్యడం అతని పద్ధతి. అక్షరాలు కంటబడకుండా పేపర్ని తలకిందులుగా పరుచుకునేవాడు. అంత పంతం!

ఒకరోజు పొద్దున్నే ఎవరిదో పసిపిల్ల గౌనుకి పేపరు కత్తిరిస్తున్నాడు. నడుము దగ్గర గుండ్రంగా తిప్పాలి కాబట్టి, తాను కదలకుండా పేపర్నే తిప్పుతున్నాడు. సగం తిప్పేసరికి ఒక ఫొటో నిటారుగా అతని ముందుకొచ్చింది. మూసేసిన పెద్ద గేటు, బయట నిలబడ్డ ఆడవాళ్లు. ముందు వరసలో ఉన్నామె కుర్తాకి జేబు కాస్త ఏటవాలుగా ఉంది, దాని అంచున సన్నటి పట్టీ ఉంది. అలాంటి జేబు తను తప్ప ఎవరూ కుట్టరు. మనిషి కన్నా ముందు కుట్టునే గుర్తుపట్టాడు దర్జీ. ఆ తర్వాత మొహం చూశాడు. తన కూతురే.

కత్తెర బల్ల మీద పెట్టి ఫొటో కింది నాలుగు వాక్యాలూ చదివాడు. గొడుగుల ఫ్యాక్టరీ మూతపడింది. మూడు వందల మందికి పని పోయింది. పేపరు పైన తారీఖు చూశాడు. ఆరు వారాల కిందటిది.

ఆరు వారాలంటే ఆరు ఆదివారాలు. ప్రతి ఆదివారం అతను "ఫ్యాక్టరీలో అంతా బావుందా అమ్మడూ?" అని అడిగాడు. ప్రతిసారీ ఆ పిల్ల "బావుంది నాన్నా" అంది.

భార్య కాజాలు కుడుతోంది. పేపరు ముక్క తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాడు. ఆమె చూసింది, సూది ఆపింది.

"నీకు తెలుసా?"

"తెలుసు. ఆ రోజే ఫోన్ చేసి చెప్పింది."

"ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికి తెలీదో అడగండి. వీధి వీధంతా తెలుసు. హెడ్మాస్టరుగారైతే రెండుసార్లు మన గుమ్మం దాకా వచ్చి, చెప్పలేక వెళ్లిపోయారు."

"మరి నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు దర్జీ.

"చెడ్డ కబురు చెవిన వెయ్యొద్దన్నది మీరే కదండీ. చెబుదామే అని నేను దాన్ని బతిమాలాను. వద్దంది. నాన్న ఇన్నాళ్లకి కంటి నిండా నిద్రపోతున్నాడు, పోనీలే అంది."

దర్జీకి కోపం రాలేదు. సిగ్గేసింది. ఎక్కడో దేశం కాని దేశంలో మంత్రివర్గం పడిపోతే తిండి మానేసిన మనిషి, కన్నబిడ్డ పని పోయిన ఆరు వారాలూ హాయిగా నిద్రపోయాడు. తల్లికి చెప్పుకున్న పిల్ల తనకి చెప్పుకోలేదన్న బాధ ఇంకోవైపు కోసేస్తోంది. అదీ ఎవర్ని అనడానికి? తలుపు వేసుకున్నది తనే.

ఆ రోజు ఆదివారం కాదు. అయినా ఫోన్ చేశాడు.

"ఏంటి నాన్నా, ఇవాళ చేశావ్? అమ్మ బావుందా?"

"బావుంది. ఫ్యాక్టరీ సంగతి పేపర్లో చూశాను తల్లీ."

కూతురు ఎప్పట్లాగే హుషారుగా అందుకుంది. "అదా! అదేం పెద్ద విషయం కాదు నాన్నా. రెండు చోట్ల అడిగాను, ఏదో ఒకటి దొరుకుతుంది. నువ్వేం బెంగ పెట్టుకోకు. గేటు దగ్గర అందరం భలే నవ్వుకున్నాం తెలుసా, వానాకాలం ముందు గొడుగులు మూసేశారని..."

"అమ్మడూ."

"ఊఁ."

"ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నించి చెప్పు. నవ్వుకున్నవి తర్వాత చెబుదువుగాని."

"అన్నీనా? నీకు పడదు కదా నాన్నా."

"పడకపోతే నేను పడతాను. నువ్వు చెప్పు."

చెప్పడం మొదలుపెట్టింది. బస్సు దిగానంది. గేటుకి తాళం చూశానంది. తన దగ్గర పని నేర్చుకున్న ఆడవాళ్లంతా చుట్టూ చేరి, ఇప్పుడేం చేద్దామక్కా అని తననే అడిగారంది. అక్కడికొచ్చి ఆగిపోయింది. ఆరు వారాలుగా నవ్వుతూ మాట్లాడిన పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. దర్జీ ఊరుకోమనలేదు. ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, ఏడుపంతా అయ్యేదాకా వింటూ కూర్చున్నాడు.