పైపుకు అంగీ

ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి స్నానాల గది నల్లా తిప్పి, మొదటి ధార కింద చెయ్యి బోర్లించి పెట్టడం నాకు అలవాటు. ఈ రోజు కూడా పెట్టాను. నీళ్లు చల్లగానే ఉన్నాయి. అరచెయ్యి పనిచేసి పనిచేసి మొద్దుబారుతుంది కాబట్టి వేడి చూడాలంటే చేతి వెనక వైపే పెట్టాలని సాయిలు మేస్త్రీ అనేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఈ నీళ్లు తగిలినప్పుడల్లా గుర్తొస్తాడు, సిగ్గు కూడా వేస్తుంది.

మక్తల్‌లో ఈ పాత రాతి ఇల్లు కొన్నప్పుడు లోపల నల్లాలే లేవు. నేను బడిలో లెక్కలు చెబుతాను. ఇంట్లో ఉండేది అమ్మా, నేనూ. షుగరు వల్ల అమ్మ పాదాలకు స్పర్శ పోయింది. ఆమె వాకిట్లోకి నడవకుండా స్నానాల గదిలోకే నీళ్లు తేవాలని నా ఆరాటం. అందుకే సాయిలు మేస్త్రీని పిలిచాను. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. పడమటి గోడ పొడుగునా గాడి కొట్టి పైపు దించాడు. మూసే ముందు దానికి నల్లటి స్పాంజి గొట్టం తొడగాలన్నాడు. దానికి ఆయన పెట్టిన పేరు అంగీ. అది మహబూబ్‌నగర్ నుంచి రావాలి, రెండు రోజులు ఆగమన్నాడు.

ఆగే ఓపిక నాకెక్కడిది? మర్నాడే గృహప్రవేశం. చుట్టాలందరికీ చెప్పేశాం. మాఘమాసం, పొద్దెక్కినా చలి వదలడం లేదు. గోడ మూసెయ్యమన్నాను.

"పడమటి గోడ, టీచరమ్మా. ఎండకాలం రాయి కాగుతది, అండ్ల నీళ్లు కాగుతయ్. అంగీ లేకుంటే కష్టం."

"గోడ లోపల ఉన్నదానికి ఎండెట్ల తగులుతది మేస్త్రీ? రేపు ముహూర్తం. మూసెయ్."

ఆయన తాపీ పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత మూసేశాడు. లెక్కలు చెప్పి పదిమందికి తెలివి పంచే నాకు, రాయి కాగుతుందన్న చిన్న సంగతి బుర్రకెక్కలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం అమ్మ పీట మీద కూర్చుని, బకెట్లో నీళ్లు పట్టి పాదాలు ముంచింది. అవి పొద్దంతా గోడలో కాగిన నీళ్లు. ఆమెకేమీ తెలియలేదు. బయటికొచ్చాక నేనే చూశాను, రెండు పాదాలూ బొబ్బలెక్కి ఉన్నాయి. దవాఖానలో నెలన్నర కట్లు కట్టారు. ఎడమ కాలి చిటికెన వేలు మాత్రం దక్కలేదు.

సంగతి తెలిసి మేస్త్రీ దవాఖానకు వచ్చాడు. నీళ్లు అంతగా ఎట్లా కాగాయని అమ్మ ఆయన్నే అడిగింది. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు.

"తప్పు నాదేనమ్మా. అంగీ తొడగకుండ మూసిన."

నేను ఫ్లాస్కు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉండిపోయాను.

తర్వాత ఆయన గోడ తవ్వి, పైపు పొడుగునా అంగీ తొడిగి మళ్లీ మూశాడు. వారం రోజులు సరిగ్గా మూడింటికి వచ్చి, నల్లా కింద చెయ్యి పెట్టి చూసి పోయాడు. ఆఖరి రోజు అరుగు మీద కూర్చున్నప్పుడు, నేను చేసిన తప్పు నీ మీదేసుకున్నావెందుకని అడిగాను.

"నువ్వు మూయమన్నవ్, నిజమే. తాపీ నా చేతుల ఉండె గద బిడ్డా. కింద పెట్టి ఇంటికి పోతే అయిపోతుండె."

ఆ మాటతో నాకు బరువు దిగినట్టనిపించింది. ఎంత సులువుగా దించుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది. సాయిలు పైపేస్తే కాళ్లు కాలతాయని ఊళ్లో పేరు పడింది. తెలిసినవాళ్లే పనులకు వేరేవాళ్లను పిలిచారు. బడిలో మా తోటి టీచర్లు ఆ మాటే అంటుంటే, నేను పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్నాను.

మేస్త్రీ పోయిన కబురు తెలిసిన రోజు అమ్మ నిట్టూర్చింది. "మంచోడే పాపం. గా పైపు కాడ ఒక్కటే తప్పు చేసిండు" అంది.

ఇక దాచలేకపోయాను. ముహూర్తం, నా తొందర, ఆయన ఆగమన్న మాట, అంతా చెప్పాను. అమ్మ, వేలు లేని తన పాదం వంక చూసుకుంది. తిట్టినా బాగుండేది.

"నా చెప్పులియ్. గీ మాట ఆయన ఇంట్ల గూడ చెప్పి వద్దాం నడువు" అంది.

మేస్త్రీ ఇంటి వాకిట్లో వాడకట్టు వాళ్లంతా కూర్చుని ఉన్నారు. అందరి ముందే ఆయన భార్యకు చెప్పాను. నేను పూర్తిచేసేదాకా ఆమె కళ్లెత్తలేదు. తర్వాత కోపం లేకుండానే అడిగింది.

"గీ మాట ఆయన ఉన్నప్పుడు చెప్పకపోతివేం బిడ్డా?"

ఇప్పటికీ ఎండాకాలం రోజూ మూడింటికి నల్లా తిప్పి చెయ్యి పెడతాను. నీళ్లు చల్లగానే వస్తాయి.