నిదానం ముందు నడిచిన అవ్వ

బంగారుపాళ్యంలో నేను అద్దెకుంటున్న ఇంటికీ వెనకింటి పెరటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. పొద్దున ఆరు గంటలకు ఆ ఇంటావిడ ఆవు కోసం తవుడు నానబెడుతుంది. మామిడికాయల కాలంలో ఊరంతా గుజ్జు ఫ్యాక్టరీల తీపి వాసన కమ్ముకొని ఉన్నా, తడి తవుడు వాసన మాత్రం గోడ దాటి వచ్చి నా ముక్కుకు తగులుతుంది. అది తగిలిన రోజు నేను బడికి ఐదు నిమిషాలు ఆలస్యంగా బయలుదేరతాను. కాఫీ గ్లాసు పట్టుకొని గోడ దగ్గరే నిలబడిపోతాను. నగరి గుర్తొస్తుంది, నగరిలో కుప్పమ్మవ్వ గుర్తొస్తుంది. మోచేతి దాకా తవుడు అంటుకున్న చేత్తో నన్ను దగ్గరికి పిలిచి, "కండ్లతో సూస్తే యాడ తెలస్తాదయ్యోరా, సెయ్యి పెట్టి సూడు" అన్న మనిషి.

మా వైపు బడిపంతుళ్ళను అయ్యోరు అంటారు. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. నగరికి బదిలీ అయ్యేనాటికి నాకు పన్నెండేళ్ళ అనుభవం, దానికి రెండింతల గర్వం ఉండేవి. 'నాకు తెలియదు' అనే మాట నా నోట్లోంచి ఎవరూ విని ఉండరు. తెలియకపోతే ఫోన్లో చూసి, ముందునుంచీ తెలిసినట్టు చెప్పేవాణ్ణి. భార్య ఉద్యోగం నాయుడుపేటలో కావడంతో వారంలో ఐదు రోజులు ఒంటరి కాపురం. పక్కింట్లో మునిరత్నం అనే ఆయనకు నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు ఉండేవి. కరెంటు ఉన్నంతసేపూ ఆ గోడలు కూడా మగ్గాలతో పాటు ఆడుతున్నట్టు ఉండేది. ఆయన తల్లే కుప్పమ్మవ్వ. వసారాలో కూర్చొని, మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టేది. నలభై ఏళ్ళు ఆ చప్పుడులో బతికిన మనిషి కాబట్టి చెవులు బాగా మందగించాయి. ఆవిడతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పాలి. నాకంత ఓపిక ఎక్కడిది? మొదటి రెండు నెలలు తల ఊపి వెళ్ళిపోయేవాణ్ణి.

బాతులు నా ఇంటికి పాఠం కోసం వచ్చాయి. నీటి పక్షుల ఈకల మీద నూనె ఉంటుంది కాబట్టి వాటికి తడి అంటదని ఏటా చెప్పే పాఠమే. ఒక శనివారం బస్టాండు దగ్గర గంపలో బాతుపిల్లలు అమ్ముతుంటే, ఈసారి పిల్లలకు కళ్ళారా చూపిద్దామనిపించింది. గుప్పిట్లో పట్టేంత పసుపు పిల్లలు, నాలుగు కొన్నాను. మరుసటి రోజు ఆదివారం. బడికి తీసుకెళ్ళే ముందు ఇంట్లో ఒకసారి పరీక్షిద్దామని పెరట్లో బట్టలుతికే టబ్బులో సగందాకా నీళ్ళు నింపి, నాలుగింటినీ వదిలాను. అవి ఈదాయి. నేను ఫోన్లో ఫొటోలు తీశాను. తీసిన ఫొటోలు చూసుకుంటూ కాసేపు కూర్చున్నాను కూడా. తల ఎత్తేసరికి వాటి నూగంతా ఒంటికి అతుక్కుపోయి, పిల్లలు సగానికి సగం చిక్కిపోయినట్టు కనబడ్డాయి. ఎక్కి రావడానికి టబ్బు అంచు అందక గీరుతున్నాయి. ఒకటి గీరడం మానేసి నీళ్ళమీద పక్కకు ఒరిగిపోయి ఉంది.

ఏం చేయాలో తెలియక టవల్లో చుట్టుకొని పక్కింటికి పరుగెత్తాను. అవ్వ నా మొహం కూడా చూడలేదు. టవల్ విప్పి, చచ్చిపోయిన పిల్లను పక్కన పెట్టి, వణుకుతున్న మూడింటినీ పైట కింద కడుపుకు ఆనించుకొని, మీద రెండు చేతులూ కప్పి కూర్చుంది. నేను సాయం చేద్దామని మగ్గాల కింద నుంచి నూలు చెత్త తెచ్చి పరవబోతే వద్దంది. "పోగు కాలికి సుట్టుకుంటే కాలు పోతాది. పాత సీర గుడ్డ ఎత్తుకరా." తెచ్చాక అడిగింది. "నీళ్ళల్లో ఎవురిడిసినారు?"

"నేనే అవ్వా" అని గట్టిగా చెప్పాను. "బాతులు కదా. ఈకల్లో నూనె ఉంటుంది కదా."

"నూనె తల్లి ఈకల్లో ఉంటాది. పిల్ల దాని కింద దూరి రుద్దుకుంటే దీనికీ అంటుకుంటాది. తల్లి లేని పిల్లకు నూనె యాడిది?" అని, కాస్త ఆగి, నన్ను దెప్పాలని కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టు అడిగింది. "మీ పుస్తకంలో బాతుకు తల్లి లేదా అయ్యోరా?"

లేదు. పన్నెండేళ్ళుగా చెబుతున్న పాఠంలో ఈక ఉంది, నూనె ఉంది, నీళ్ళున్నాయి. తల్లి లేదు. చచ్చిపోయిన పిల్లను పెరట్లో కరివేపాకు చెట్టు కింద పూడ్చి చేతులు కడుక్కుంటుంటే, సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

కుప్పమ్మవ్వకు ఇదంతా ఎలా తెలుసో ఆ సాయంత్రమే తెలిసింది. ఆవిడ పుట్టింది మగ్గాల ఇంట్లో కాదు. నాయన బాతుల మంద తోలేవాడట. ఆర్కాడు వైపు నుంచి కోతలైన వరిమళ్ళు వెతుక్కుంటూ కాళహస్తి దాకా, రాలిన గింజల మీద, నత్తల మీద వందల బాతులను మేపుకుంటూ నడిచేవాళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లగా ఆవిడ పని మందకు ముందు నడవడం. పెళ్ళయి నగరికి వచ్చాక మళ్ళీ బాతును ముట్టుకోలేదు. "ఈడ అందురూ నూలు మాదిరి బతకతారు, తడి తగలకుండా" అని నవ్వింది. చెబుతున్నంతసేపూ పైట కింద చేతులు కదల్చలేదు.

మూడు పిల్లలు బతికాయి. నేను మాత్రం ఒక్క తప్పుతో ఆగలేదు. పాపం బలపడతాయని రెండు వారాలపాటు మెత్తటి తెల్లన్నం పిసికి పెట్టాను. రెండు ఎలాగో పెరట్లో పురుగులు ఏరుకొని పెరిగాయి. మూడోదానికి కాళ్ళు చచ్చుబడ్డాయి. రెండడుగులు వేసి మోకాళ్ళమీద కూర్చుండిపోయేది. రెక్కలు నేలకు ఆనించి లేవబోయి మళ్ళీ పడేది. అవ్వ దాన్ని ఎత్తి, కాళ్ళు వేళ్ళతో తడిమి, నేను పెడుతున్న గిన్నె వైపు చూసింది. "తెల్లన్నం తింటే మనిషికే కాలు నిలవదు. ఉత్త అన్నం పెడతావా బిడ్డకు?" అప్పటినుంచి రోజూ పొద్దున తవుడు నానబెట్టడం మొదలైంది. పిడికిలి పట్టి వదిలితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. అందులో దంచిన చెనక్కాయలు, వారానికి రెండుసార్లు ఎండుచేప పొడి. పక్కనే ముక్కు మునిగేంత లోతు గిన్నెలో నీళ్ళు, ఎందుకంటే బాతు ఒక ముద్ద తిని ఒకసారి ముక్కు కడుక్కుంటుంది. ఈదే నీళ్ళు మాత్రం రెక్కల కింద నిజమైన ఈక వచ్చేదాకా వద్దంది. నా చేతికి ముద్ద కుదరడానికే నాలుగు రోజులు పట్టింది. ఆ కుంటిదానికి ఆవిడే 'నిదానం' అని పేరు పెట్టింది.

మేత మార్చితే సరిపోదు, నడిపించాలి అంది. మగ్గాల ఇంటి వెనక వంకాయ తోటకు బోరు నీళ్ళు పారే చిన్న కాలవ ఉండేది. మా పెరటి నుంచి వంద అడుగులుంటుంది. నిదానం తన కాళ్ళమీద ఆ కాలవ చేరితే బతికినట్టే, లేకపోతే కూర్చున్నచోటే పుండ్లు పడి పోతుందని ఉన్నమాట చెప్పేసింది. ఒకదాన్ని టబ్బులో చంపాను. రెండోదాన్ని అన్నం పెట్టి చంపబోతున్నాను. నాకు అప్పుడు ఉద్యోగం, పరీక్షలు, పేపర్లు ఏవీ పట్టలేదు. ఆ పిట్ట కాలవ చేరాలి, అంతే.

బడి వదిలాక రోజూ సాయంత్రం నడక. నేను చప్పట్లు కొట్టి, వెనకనుంచి తరిమి నడిపిద్దామనుకున్నాను. అవ్వ నన్ను పక్కకు లాగింది. బాతులకు వీపు పెట్టి నిలబడి, "దా... దా... దా..." అని మెల్లగా అంటూ ముందుకు నడిచింది. మిగతా రెండూ గబగబా వెనకబడ్డాయి. నిదానం లేచింది.

"ముందు నడిసేవాళ్ళు ఎనక్కి సూడగూడదు అయ్యోరా" అని నడుస్తూనే చెప్పింది. "సూస్తే అవి నిలబడిపోతాయి, ముందర ఏమో ఉండాదని బయపడి. కాళ్ళ సప్పుడు ఇనుకుంటా పోవాల. ఎనకబడిందంటే అడుగు తగ్గించు, తల తిప్పగాకు."

"మరి నీకు చప్పుడు వినపడదు కదవ్వా?" అని ఆవిడ చెవి దగ్గర గట్టిగా అడిగాను.

"నాకు ఇనపడదు. అందుకే నిన్ను పక్కన పెట్టుకునింది. వస్తా ఉండాదా?"

అలా ఆవిడకు నేను చెవులయ్యాను. పక్కనే నడుస్తూ వినేవాణ్ణి. ఆ వేళకు మునిరత్నం మగ్గాలు ఒక గంట ఆపేవాడు. తడి నేలమీద రెండు బాతుల పాదాలు చపచపమని వడిగా పడేవి. వాటి వెనక, ఒకటి గట్టిగా ఒకటి ఈడుస్తూ, నిదానం పాదాలు. నాలుగైదు అడుగులకొకసారి అవ్వ అడిగేది, "వస్తా ఉండాదా?" నేను చెవి దగ్గర గట్టిగా చెప్పేవాణ్ణి. ఆవిడ దాన్నిబట్టి అడుగు తగ్గించేది. మొదటి రోజు పది అడుగులు, రెండో రోజు పన్నెండు.

వారం గడిచాక నాకు ఆత్రం పెరిగింది. ఆ రోజు ముప్పై అడుగులు దాటాం. వెనక ఈడ్చే పాదం చప్పుడు ఆగిపోయింది. అవ్వ అడిగింది. మళ్ళీ మధ్యలో ఆగిందని చెప్పడానికి నోరు రాలేదు. ఆవిడ మొహంలో వెలుగు చూసి, "వస్తుందవ్వా" అన్నాను. ఇంకో రెండడుగుల్లో అదే లేచి వస్తుందిలే అనుకున్నాను. అవ్వ నా మాట నమ్మి కాలవ దాకా నడిచి, అప్పుడు తిరిగి చూసింది. నిదానం ఎక్కడో వెనక, దారి మధ్యలో, రెక్కలు పరుచుకొని పడి ఉంది. మిగతా రెండూ తనను వదిలేసి వెళ్ళడం చూసి అరిచి అరిచి నోరు తెరుచుకొని రొప్పుతోంది.

అవ్వ నన్ను తిట్టలేదు. వంగి దాన్ని ఎత్తుకొని, దుమ్ము తుడిచి, ఇంటిదాకా మోసుకొచ్చింది. వసారాలో కూర్చున్నాక అంది. "నువ్వు సెప్పిన మాట మీదనే కదా నేను నడస్తా ఉండేది. అబద్దం సెప్తే నాకు సంతోసంగా ఉంటాది, సరే. అది నడస్తాదా?"

నేను పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ అంత చిన్నవాణ్ణి కాలేదు. "నాకు తెలియలేదవ్వా, ఏం చెప్పాలో" అన్నాను. నాకు తెలియదనడం అదే మొదలు.

మరుసటి సాయంత్రం అదే చోట చప్పుడు ఆగింది. "వస్తా ఉండాదా?"

"లేదవ్వా. నిలబడిపోయింది."

అవ్వ ఆగింది. తల తిప్పలేదు. ఎండ వాలుతోంది. నడుంమీద చెయ్యి పెట్టుకొని, కాలవ వైపే చూస్తూ, ఊరికే నిలబడింది. నాకు తిరిగి చూడాలని మెడ లాగేస్తోంది. చాలాసేపటికి వెనక ఒక పాదం పడిన చప్పుడు. తర్వాత ఈడ్చిన చప్పుడు. "లేచింది" అన్నాను, నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "దా" అని అవ్వ ఒక్క అడుగు వేసింది. ఆ రోజు ఆరుసార్లు ఆగాం. ఏడోసారి ఆగాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే కాలవ వచ్చేసింది. అప్పటికి రెక్కల కింద ఈక కూడా వచ్చింది. నిదానం గట్టుమీద నిలబడి ఒకసారి మమ్మల్ని చూసి, నీళ్ళల్లోకి జారింది. వీపుమీద నీళ్ళు ముత్యాల్లా నిలిచి రాలిపోయాయి. నేను పన్నెండేళ్ళు చెప్పిన పాఠం అప్పుడు చూశాను. అవ్వ గట్టున కూర్చొని కొంగుతో మొహం తుడుచుకుంది.

ఆ సోమవారం క్లాసులో, నేను ఇన్నాళ్ళూ పాఠం సగమే చెప్పానని ఒప్పుకున్నాను. టబ్బు సంగతీ దాచలేదు. ఎవరూ నవ్వలేదు. ఏడాది దాటాక బంగారుపాళ్యానికి బదిలీ వచ్చింది. బాతుల్ని అవ్వకే వదిలి వచ్చాను. కండెల బుట్టలో నిదానం గుడ్డు పెట్టిందని, నూలు మీద మరక పడిందని కొడుకు కేకలేస్తున్నాడని ఫోన్లో చెప్పి పగలబడి నవ్వింది. నా మాట ఆవిడకు వినపడదు, ఆవిడ చెప్పడమే.

మరుసటి ఏడు అవ్వ పోయింది. కబురు ఆలస్యంగా తెలిసి, కర్మలయ్యాక వెళ్ళాను. మునిరత్నం పెరట్లో కట్టె పట్టుకొని చెమటలు కక్కుతున్నాడు. "అమ్మ పోయినప్పట్నించీ గూట్లోకి రావడంలా సార్. దినామూ తరమతా ఉండాను. రెండన్నా వస్తాయి, ఆ కుంటిది కదలదు." కట్టె కింద పెట్టమన్నాను. బాతులకు వీపు పెట్టి నిలబడి, "దా... దా..." అంటూ గూటి వైపు నడిచాను. రెండు జతల పాదాలు వెంటనే వచ్చాయి. మూడో జత లేదు. మునిరత్నం ఏదో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపాను. నిలబడ్డాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగి గూడు మసకబడింది కానీ తల తిప్పలేదు. ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ, చప్పుడు మొదలైంది.

ఇప్పుడు నేను బోర్డుమీద పాఠం రాస్తాను, పిల్లలు దించుకుంటారు. ఒకప్పుడు రాయడం కాగానే తిరిగి, ఇంకా ఎవరికి కాలేదు అని అరిచేవాణ్ణి. ఆ అరుపుకు ఏదో ఒక బల్ల దగ్గర ఒక తల వంగిపోయేది. ఇప్పుడు రాయడం అయ్యాక కూడా బోర్డు వైపే ఉంటాను. రాసిన అక్షరాలనే మళ్ళీ నెమ్మదిగా దిద్దుతూ వింటాను. గబగబా రాసే పెన్నులు ఒక్కొక్కటే ఆగుతాయి. చివరికి ఒక్కటి మిగులుతుంది, ఆగుతూ, కదులుతూ, ఆగుతూ. నా పక్కన అవ్వ నిలబడి ఉన్నట్టే ఉంటుంది, వస్తా ఉండాదా అని అడుగుతున్నట్టే ఉంటుంది.

వస్తా ఉండాదవ్వా. నేను తల తిప్పలేదు.