ఎక్కడానికే మోటారు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అలా అనేవాళ్ళు ఆ ఎండాకాలం మా క్వార్టరు వరండాలో ఒక్క పూట కూర్చుని ఉంటే, ఈవిడకి ఇంత ఓర్పు ఎక్కణ్ణుంచి వచ్చిందిరా దేవుడా అనుకునేవాళ్ళు.

నేను చర్చివాళ్ళ బడిలో రెండో తరగతికి చెప్తాను. ఉక్కునగరంలో మా క్వార్టరు నుంచి బడికి ఆరు కిలోమీటర్లు. అందులో ఐదున్నర చదును. ఆఖరి అర కిలోమీటరు మాత్రం కొండవాలు కాలనీలోంచి పైకి పోయే సిమెంటు రోడ్డు. దాన్ని వేసినవాడెవడో గానీ రోడ్డు వెయ్యలేదు, నిచ్చెన వేశాడు. బస్సు కొండ కిందే దింపేస్తుంది. తిరిగి ఖాళీగా రావాలని పొద్దున్నపూట ఆటోవాళ్ళు పైకి రారు. పదిహేనేళ్ళు నడిచే ఎక్కాను. కిందటేడు కుడి మోకాలు మొరాయించింది.

మా ఆయన ప్లాంటులో ఫిట్టరు. అప్పట్నుంచీ మధ్యాహ్నం, రాత్రి షిఫ్టుల్లో ఉన్నప్పుడు స్కూటరు మీద తీసుకెళ్ళి పైన దింపేవాడు. ‘ఏ’ షిఫ్టు, అంటే పొద్దుటి షిఫ్టు, ఉన్న వారం మాత్రం ఆరింటికే ఆయన లోపలుంటాడు. ఆ వారమంతా నేను కుంటుకుంటూ ఎక్కేసరికి బడిలో ప్రార్థన అయిపోయేది. వేసవి సెలవులకి ముందు హెడ్మిస్ట్రెస్సుగారు పిలిచి, మెత్తగానే చెప్పింది. జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచీ ఎనిమిదిన్నర గంటకి ఉండగలిగితే సరే, లేదంటే ఇంకొకరిని చూసుకుంటామంది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు.

"మానీవే. నాను సంపాదిత్తన్నాను కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. జీతం కోసమైతే ఏనాడో మానేద్దును. ఈ సెక్టారులో నేను ఫలానా ఫిట్టరు భార్యని, ఫలానా పిల్ల తల్లిని. ఆ కొండ మీద మాత్రం టీచరమ్మని. నాకు నేనుగా వెళ్ళే చోటు అదొక్కటే. మానను గాక మానను అని కూర చెయ్యకుండా పడుకున్నాను.

స్కూటీ నేర్చుకోరాదా అంటారేమో. ఆ ముచ్చటా అయింది. నాలుగేళ్ళ కిందట సెక్టారు గ్రౌండులో నేర్చుకుంటూ, గ్రౌండంతా ఖాళీగా ఉండగా, వెతుక్కుంటూ వెళ్ళినట్టు కాలవలో పడ్డాను. మా ఆయనే దిగి ఎత్తాడు. ఆ మర్నాడే స్కూటీ ఎవరికో ఇచ్చేశాడు. సైకిలు మాత్రం చిన్నప్పట్నుంచీ తొక్కుతున్నాను. మూల పడున్న నా లేడీస్ సైకిలుకే మోటారు పెట్టమన్నాను. అన్నాక తెలిసింది, ఎంత మాట అన్నానో.

ఎందుకంటే ఇక్కడే పాతటౌనులో మా తమ్ముడున్నాడు. ఫ్యాన్లకీ మిక్సీలకీ తీగ చుట్టే పని వాడిది. మోటారు మాట ఎవరెత్తినా అది తన సొంత ఊరి కబురు అనుకుంటాడు. నన్ను అప్పా అంటాడు, మా ఆయన్ని బావా అంటాడు. మా ఆయనా వాణ్ణి బావా అనే అంటాడు. ఆ రెండు నెలలూ మా వరండాలో బావా, బావా అని తప్ప ఇంకో మాట వినపడలేదు. ఏ బావ ఏ బావని తిడుతున్నాడో వంటింట్లోంచి పోల్చుకోవడం కష్టమయ్యేది.

తమ్ముడిది ఒకటే వాదం. మోటారు వెనక చక్రం బొడ్డులోనే ఉండాలి. గొలుసుతో పని లేదు, చప్పుడు లేదు, వాన పడ్డా బెంగ లేదు. మా ఆయనదీ ఒకటే వాదం. మోటారు పెడల్ దగ్గరుండాలి. గొలుసు లాగితే గేర్లు తిరుగుతాయి, గేరు తగ్గిస్తే కొండైనా ఎక్కుతుంది. బొడ్డులో పెట్టిన మోటారుకి గేరు లేదు, అది వాలు మీద ఆయాసపడి చస్తుందని. ఇద్దరూ నా సైకిలుకి చెరోపక్క పీటలేసుకుని కూర్చునేవారు. నాకేం కావాలో ఎవరూ అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేనూ ఊరుకున్నాను, వారం రోజులు.

మొదట తమ్ముడి మోటారే బిగించారు, అది ముందొచ్చింది కాబట్టి. బిగించాక ప్రార్థన చేయించకుండా మా ఇంట్లో గ్రైండరు కూడా తిరగదు. పాస్టరుగారిని పిలిచాం. పక్క క్వార్టరావిడ, పాపం మా మంచి కోరి, చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టింది. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అందరం సైకిలు చుట్టూ నిలబడి కళ్ళు మూసుకున్నాం. మా ఆయన హ్యాండిలు పట్టుకుని తల వంచాడు.

పాస్టరుగారి ప్రార్థన మంచిది గానీ పొడుగు. మధ్యలో నిమ్మకాయ చితికిన చప్పుడైంది. నేను ఒక కన్ను తెరిచాను. మా ఆయన భక్తిలో హ్యాండిలుకున్న యాక్సిలరేటరు గట్టిగా నొక్కి తిప్పేసినట్టున్నాడు, సైకిలు ఆయన చేతుల్లోంచి జారి ఒక్కతే వెళ్ళిపోతోంది. తమ్ముడు కూడా ఒక కన్ను తెరిచే ఉన్నాడు. నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. ప్రార్థన మధ్యలో కేక వేస్తామా? పైగా వేస్తే, కళ్ళు తెరిచి ఉన్నామని ఒప్పుకున్నట్టే కదా. మా ఆయన మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని, ఖాళీ చేతులు రెండూ అలాగే ముందుకు చాపి నిలబడ్డాడు. సైకిలు పక్కింటి బట్టల తాడు కింది నుంచి దూరి, ఒక చీర నెత్తినేసుకుని, గోంగూర మడిలో పడుకుంది.

పాస్టరుగారు ఆమేన్ అని కళ్ళు తెరిచి, బండి ఏదమ్మా అని అడిగారు. గోంగూరలోంచి చక్రం తిరుగుతున్న చప్పుడొకటే వస్తోంది.

ఆ తర్వాత కొండ మీద పరీక్ష. దీనికి నా బరువు కావలసి వచ్చింది. నేను చెప్పనన్నాను. తమ్ముడు యాభై ఉంటుందన్నాడు, తోడబుట్టినవాడు అనిపించుకున్నాడు. మా ఆయన, ఎందుకైనా మంచిదని, డెబ్బయి ఐదు వేసుకోమన్నాడు. ప్లాంటులో ఏదైనా అంతేనట, ఎప్పుడూ కొంచెం ఎక్కువే వేసుకోవాలట. ఆయనతో రెండ్రోజులు మాట్లాడలేదు.

ఇంతకీ నన్ను మాత్రం సైకిలు ఎక్కనివ్వలేదు. ఇరవై అయిదు కేజీల బియ్యం బస్తాలు మూడు కట్టి, పక్కన నడుస్తూ హ్యాండిలు తిప్పుతూ కొండ ఎక్కించారు. నేను గొడుగేసుకుని కింద నిలబడ్డాను. కాలనీవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి, నా పేరుతో బియ్యం కొండెక్కడం చూశారు. సగం దూరం పోయేసరికి తమ్ముడి మోటారు మూలిగింది, కాలిన వాసనొచ్చింది, ఆగిపోయింది. మా ఆయన మొహం పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు.

మర్నాడే వెనక చక్రం మార్చి గేర్లు వేశారు. పెడల్ దగ్గర మోటారు పెట్టారు. ఈసారి ముప్పావు వంతు ఎక్కింది, గొలుసు ఫట్టున తెగింది. ఇప్పుడు వెలగడం తమ్ముడి వంతు. రెండుసార్లూ సైకిల్నీ బియ్యాన్నీ ట్రాలీ ఆటోలో కిందికి దింపుకొచ్చాం.

గొలుసు తెగడంతో మా ఆయనలో ఉక్కు మనిషి నిద్ర లేచాడు. ఉక్కునగరం మగాళ్ళని నేను పాతికేళ్ళుగా చూస్తున్నాను. దేనికైనా వాళ్ళకి తెలిసిన మందు ఒక్కటే, ఇంకో ప్లేటు వెయ్యడం. మా వరండాలో పూలకుండీ పెట్టుకునే బల్ల మీద లారీ నిలబెట్టొచ్చు. మా ఆయన గాజువాకలో తెలిసినవాడి షెడ్డుకి రోజూ వెళ్ళి, మోటారు కదలకుండా ఒక ప్లేటు, బ్యాటరీకి ఇనప పెట్టె, నా కాళ్ళకి తగలకుండా రెండు పక్కలా కమ్మీలు, సీటు కింద ఇంకో ప్లేటు వేయించాడు. మేస్త్రీ ఇంత మందం ఎందుకంటే, మనిషి కూచుంటాదిరా అన్నాడట.

అంతా అయ్యాక స్టాండు తీసి చూశాను. సైకిలు నా మీదకి వాలిపోయింది, ఎత్తలేకపోయాను. తమ్ముడి చేత పాత ఇనప సామాను కొట్టుకి తోయించి కాటా పెట్టించాను. యాభై ఎనిమిది కేజీలు. నాకంటే నాలుగే తక్కువ. ఈ మాట చదివినవాళ్ళు ఇక్కడే మర్చిపోవాలి.

బడి తెరవడానికి ఇంక ఆరు రోజులే ఉన్నాయి. ఆ సాయంత్రం నేను గట్టిగానే అరిచాను. సైకిలు అడిగితే గేటు చేసిపెట్టారన్నాను. నేను మానెయ్యాలని కావాలనే ఇలా చేశారన్నాను. నా ఉద్యోగం పోతే మీకు సంబరమే కదా అన్నాను. అనకూడనివి ఇంకా అన్నాను. తమ్ముడు చెప్పులేసుకుని గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు.

ఆయన తిరిగి అరవలేదు. కిందకి చూస్తూ, "ఆ కాలవలోంచి నిన్ను ఎత్తినప్పుడు నువ్వు పలకనేదు," అన్నాడు. "నీకు గేపకం నేదు. నాకుంది."

నాకు నిజంగానే జ్ఞాపకం లేదు. బట్టలు పాడవ్వడం జ్ఞాపకం ఉంది, అందరూ చూడ్డం జ్ఞాపకం ఉంది. పలకకుండా ఎంతసేపున్నానో ఈ నాలుగేళ్ళలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పూట నాకు సిగ్గేసింది. అయినా ప్లేట్లు తియ్యమనే అన్నాను.

తీశాడు. ఒక్కొక్కటే కోయించుకొచ్చి గోడవార పేర్చాడు. గట్టి గొలుసు తమ్ముడు తెచ్చాడు. మోటారు మా ఆయనదే, దానికి వైర్లు కలిపింది తమ్ముడు, ఇదే రాజీ. శనివారం బియ్యం మళ్ళీ కొండెక్కింది. ఈసారి పైదాకా ఆగకుండా ఎక్కింది. ఇద్దరు బావలూ రోడ్డు మీదే కావిలించుకున్నారు. సంబరంగా ట్రాలీ ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చారు.

సోమవారం ‘ఏ’ షిఫ్టు. ఆయన ఐదున్నరకే వెళ్ళిపోయాడు. ఏడున్నరకి నేను బయల్దేరాను. చదును మీద పెడల్ ఊరికే తిరిగింది. కొండ కింద గేరు తగ్గించి, ప్రభువా అనుకుని హ్యాండిలు తిప్పాను. అది గుయ్యిమంటూ ఎక్కింది. గుమ్మాల్లో ఆడవాళ్ళు బియ్యం బదులు మనిషిని చూసి నవ్వారు, ఒకావిడ చేయి ఊపింది. మూడు మలుపులూ తిరిగి బడి గేట్లోకి వెళ్ళేసరికి ఎనిమిదీ పది. మోకాలు కిమ్మనలేదు. సైకిలుకి స్టాండు వేసి, మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. సంతోషం అంత బరువుగా ఉంటుందని నాకు తెలీదు.

నాలుగింటికి బడి వదిలారు. సైకిలు గేటు దాటించి, కిందకి చూశాను. సైకిల్ని రెండడుగులు వెనక్కి లాగాను.

రెండు నెలలు. ఇద్దరు మగాళ్ళు, రెండు మోటార్లు, డెబ్బయి ఐదు కేజీల బియ్యం. ఎక్కడం గురించి తప్ప దిగడం గురించి ఒక్కరం ఒక్క మాట అనుకోలేదు. బియ్యమేమో ఆటోలో దిగేది. నా సైకిలుకున్నవి అది కొన్ననాటి బ్రేకులే. రబ్బర్లు అరిగి నున్నగా ఉన్నాయి. మోటారూ బ్యాటరీ కలిసి సైకిలు ఎంత బరువైందో నాకు కాటాతో సహా తెలుసు, ప్లేట్లు తీసేసినా సరే. పట్టుకుని నడుద్దామంటే, దిగడం మోకాలికి ఎక్కడం కంటే హీనం.

షిఫ్టు దిగి ఇంటికొచ్చి ఉంటాడని మా ఆయనకి ఫోన్ చేశాను. పావుగంటలో స్కూటరు మీద ఇద్దరూ వచ్చారు. తమ్ముడు పండగ చేసుకోవడానికి మిఠాయి పట్టుకుని ఇంటికొచ్చి ఉన్నాడట. ఇద్దరూ బ్రేకులు నొక్కి చూసి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బ్రేకులు నీ పనంటే నీ పని అనుకున్నారట, బావా అని మొదలెట్టారు. నేను ఒక్క చూపు చూశాను, ఆపేశారు.

బడిలో పిల్లలు అటూ ఇటూ లాగి ఆడుకునే పెద్ద తాడుంది. హెడ్మిస్ట్రెస్సుగారే తెచ్చిచ్చింది. ఒక కొస సైకిలు క్యారియరుకి కట్టారు, రెండో కొస ఇద్దరూ నడుముకి చుట్టి పట్టుకున్నారు. స్కూటరెక్కమంటే ఎక్కనని, నేను సైకిలు సీటు మీదే కూర్చున్నాను. అలా ఊరేగింపుగా దిగాం. ముందు నేను, వెనకాల వెనక్కి వాలి కాళ్ళు తన్నిపెట్టుకుంటూ నా మొగుడూ నా తమ్ముడూ, వాళ్ళ వెనక మా రెండో తరగతి మొత్తం. కాలనీ అంతా గుమ్మాల్లోనే ఉంది. పొద్దున్న చేయి ఊపినావిడ ఇప్పుడు పిల్లల్ని కూడా పిలిచి చూపించింది. పరువు పోయిందనుకోవాలి గానీ, నాకు నవ్వాగలేదు. నవ్వితే హ్యాండిలు ఊగుతోందని వెనకనుంచి ఆయన కసిరాడు.

మూడో మలుపు దాటాక వాలు తగ్గుతుంది. ఇంకో వంద గజాలు, తిన్నని రోడ్డు, ఎదురుగా ఏమీ లేదు. అరిగిన బ్రేకులైనా అక్కడ పని చేస్తాయి. కాళ్ళు ఆనించి ఆగి, వెనక్కి తిరక్కుండానే తాడు వదలమన్నాను.

తమ్ముడు వదిలేశాడు, నాకు తెలిసింది. ఆయన వదల్లేదు. తాడు బిగువుగానే ఉంది. ఆయన ఊపిరి వినిపిస్తోంది. కోప్పడదామనుకున్నాను. రాలేదు.

"పడితే పలుకుతాను," అన్నాను. "వదిలీండి."

చాలాసేపటికి తాడు వదులైంది. కాళ్ళెత్తాను. బ్రేకులు కీచుమంటూ, తాడు వెనకాల ఈడ్చుకుంటూ, సైకిలు కిందకి పోయింది. కొంతదూరం నా వెనక ఆయన చెప్పుల చప్పుడు పరిగెత్తింది, తర్వాత ఆగిపోయింది. కొండ కింద టీ బండి దగ్గర ఆగి, దిగి, నిలబడ్డాను.

ఆయన మెల్లగా నడిచి వచ్చాడు. తాడు విప్పి చుట్ట చుట్టుకుంటూ, నా మొహంలోకి చూడకుండా చెప్పాడు.

"రబ్బర్లు రేత్రికి మార్సీత్తాను. రేపట్నించి నాను రాను."