విల్ఫ్ థ్రెల్‌గిల్ గుండుసూదులు

పబ్బులో పొయ్యి పక్క కుర్చీ విల్ఫ్ థ్రెల్‌గిల్‌ది. ఇంకెవరైనా కూర్చుంటే చేతికర్రతో కుర్చీకాలు మీద కొడతాడు. ఎదురుగోడ మీద ఇంగ్లండు పటం పెట్టి, తన ఇంటిపేరున్న ప్రతి ఇంటికీ ఒక ఎర్ర గుండుసూది గుచ్చాడు. అన్నీ ఈ యార్క్‌షైర్ లోయలోనే. "మా వాగు పేరే మా పేరు. బయట ఒక్కడుంటే చూపించండ్రా!" అంటాడు రోజూ, మీసాలకంటిన నురగ తుడుచుకుంటూ.

నిన్న జమైకా నుంచి ఒకావిడ వచ్చి, "నేనూ థ్రెల్‌గిల్‌నే. మా ఊళ్ళో సగం మందిది అదే పేరు," అంది.

"నీకెవడిచ్చాడా పేరు?"

"మీవాళ్ళే. మా ముత్తాతల్ని కొని, చెరుకుతోటల్లోకి తోలినప్పుడు."

"నా పటంలో నీ దీవికి చోటు లేదు, ఫో!"

ఆవిడ ఒక సూది తీసి, పటానికి ఎడంపక్క గోడకే గుచ్చి వెళ్ళిపోయింది. విల్ఫ్ సూది పీకేశాడు గానీ బొక్క మిగిలింది. దాన్ని కప్పడానికి ఇవాళ పటాన్ని జానెడు ఎడమకు జరిపాడు. కుడివైపు, ఇన్నేళ్ళ పొగ తగలని గోడ తెల్లటి పట్టీలా బయటపడింది. వచ్చిన ప్రతివాడూ అడుగుతున్నాడు: "ఏమైందిక్కడ, విల్ఫ్?"