లోపలి మొదటి అక్షరాలు

వనపర్తిలో నాకు కంప్యూటర్ నేర్పిన సారు, ముఖ్యమైన మాట చెప్పేముందు పెన్నుతో మానిటర్ అంచు మీద టకటకా కొట్టేవాడు.

ఒకరోజు ఒక ఫోటో ఫైలు పేరు చివర, ప్రోగ్రాం ఫైళ్లకుండే ‘ఈఎక్స్‌ఈ’ అని తగిలించి నొక్కాడు. అది నడవలేదు. పెన్ను టకటకలాడింది.

“పేరు మారిస్తే మోసపోతదనుకున్నరా? కంప్యూటర్ ఫైలు లోపలి మొదటి అక్షరాలు చూస్తది. అవి ప్రోగ్రాంవి అయితేనే నడిపిస్తది.”

ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. కోర్సు అయ్యాక ఆయనే పిలిచాడు.

“నీ లెక్క నేర్చినోళ్లు లేరు. ఇక్కడ్నే పిల్లలకు చెప్తవా?”

సంతోషంగా తలూపాను.

“మీది పాన్‌గల్ గద? ఇల్లు ఊర్ల ఏ దిక్కు?”

“చర్చి ఎన్క వాడల, సార్.”

సారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “సరే, కబురు చేస్త.”

కబురు రాలేదు. సర్టిఫికెట్ కోసం వెళ్లిన రోజు, నాకిస్తానన్న కుర్చీలో నా తోటివాడు కూర్చుని ఉన్నాడు. ఫైలు సేవ్ చేయడం కూడా నన్నడిగి నేర్చుకున్నవాడు. పక్కగదిలో సారు కొత్త పిల్లలకు పాఠం చెబుతున్నాడు. మానిటర్ మీద అదే టకటక.

“పేరు చూసి నమ్మదు. లోపల ఏమున్నదో చూస్తది.”

గుమ్మంలో నన్ను చూశాడు. ఆయన గొంతు కొంచెం కూడా తడబడలేదు.