మూడోసారి అడిగితేనే

పత్తి విత్తనాల కంపెనీలో తనిఖీ ఉద్యోగం నాది. నెలకోసారి హైదరాబాదులో బయలుదేరి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల చుట్టి మూడో రోజు ఇల్లు చేరతాను. ఈ టూరు పేరెత్తితే తోటి ఉద్యోగులు ముఖం చిట్లిస్తారు. నేను మాత్రం రెండు రోజుల ముందే సంచి సర్దుకుంటాను. చేల మీద ప్రేమతో కాదు, తిండి మీద ప్రేమతో.

నాగర్‌కర్నూలులో నాలుగు బల్లల సాయిబు హోటలు ఒకటుంది. శుక్రవారం బగారా అన్నం, దాల్చా. దాల్చాలో సొరకాయ ముక్క నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది. ఆయన వడ్డించి పక్కనే నిలబడతాడు. ఎలా ఉందని అడగడు. నేను తల ఊపేదాకా కదలడు, అంతే. సోమశిలలో కృష్ణ ఒడ్డున, అప్పుడే పట్టిన చేపకు ఎర్రగా కారం పట్టించి పెనం మీద వేస్తారు. అది తిన్నాక పడవ ఎక్కాలనీ గుడికి వెళ్లాలనీ అనిపించదు, ఇంకో చేప తినాలనిపిస్తుంది. ఇక గద్వాలలో పొద్దున్నే ఉగ్గాని. తడిపిన బొరుగులకు పోపు పెట్టి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ వేసి ఇస్తారు. ఒకసారి మూడో ప్లేటు తింటూ ఉండగా నేనెక్కాల్సిన బస్సు నా కళ్ల ముందే కదిలి వెళ్లింది. పరుగెత్తితే అందేదే. చేతిలో బజ్జీ ఉంది, పరుగెత్తలేదు.

హోటళ్లంటే నాకు ఇష్టం కావడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ ఎవరూ తినమని అడగరు.

మాది నాగర్‌కర్నూలు దగ్గరి పల్లెలో ఒకప్పటి పెద్ద ఇల్లు. నాన్న కాలానికే భూమి పోయింది. కూలిపోయిన ఆ గడి రాళ్లు ఇప్పుడు ఊళ్లో వాళ్ల ఇళ్ల పునాదుల్లో ఉన్నాయి. మంచి రాళ్లు, ఎక్కడున్నా గట్టిగానే నిలబడ్డాయి. నా వంతుకు మిగిలినవి నిటారుగా కూర్చునే అలవాటు, నానమ్మ నేర్పిన ఒక నియమం. ఎవరైనా మొదటిసారి తినమంటే తిన్నానని చెప్పాలి. రెండోసారి అడిగితే వద్దనాలి. మూడోసారి అడిగితేనే లేచి కాళ్లు కడుక్కోవాలి. ఆకలికి లొంగే మనుషులం కాదని మా ఇంటివాళ్లం లోకానికి చెప్పే పద్ధతి అది. మిగతావన్నీ చేతులు మారాయి కానీ ఇది మాత్రం నాతోనే ఉంది. అందుకని దాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను.

కిందటేడు పత్తి పూత కాలంలో గద్వాల దాటి గట్టు అనే ఊరి వైపు వెళ్లాను. వనపర్తిలో తెల్లవారక ముందే బస్సెక్కాను. గద్వాలలో చూస్తే ఉగ్గాని కొట్టు మూసి ఉంది. గట్టులో రైతు తన బండి మీద ఎక్కించుకుని చేను దగ్గర దింపాడు. నేను చీకట్లోనే బస్సెక్కి వచ్చానని కూలీలకు చెప్పాడు. "మోటరు కాలిపోయింది సార్, బాగు చేయించుకొస్త" అని వెళ్లిపోయాడు. చేలో ఎనిమిది మంది ఆడవాళ్లు మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వులకు ఒక్కొక్కదానికే చేత్తో అద్దుతున్నారు. విత్తనాల పత్తికి అదే అసలు పని. నేను వరుసల వెంట తిరిగి, పని సరిగా ఉందని రాసుకున్నాను.

ఎండ నెత్తికెక్కే వేళకు వాళ్లు చేని గట్టు మీద కూర్చుని సద్ది గిన్నెలు విప్పారు. జొన్న రొట్టెలు, పుంటికూర అనే గోంగూర, ఎల్లిపాయ కారం. గాలి సరిగ్గా నా వైపే వీచింది.

అందరిలో పెద్దామె, ముందు పళ్లు రెండు లేనావిడ, నన్ను చూసి పిలిచింది. "రా సారూ, జర తిను."

"తిన్ననమ్మా" అన్నాను.

"ఏడ తిన్నవ్? చీకట్లనే బస్సెక్కితివంట. ఒక్క రొట్టె తిను, రా."

"వద్దమ్మా, వద్దు."

రెండు అయ్యాయి. చొక్కా సర్దుకున్నాను. కాళ్లు కడుక్కోవడానికి నీళ్ల బిందె ఎక్కడుందో కూడా చూసి పెట్టుకున్నాను. ఇక మూడోదే తరువాయి.

మూడోది రాలేదు. ఆమె ఉల్లిగడ్డను పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది తినడం మొదలుపెట్టింది. రొట్టె తుంచుతున్న చప్పుడు నాకు వినిపిస్తోంది. పని ఉన్నవాడిలా పుస్తకం తెరిచి రాయసాగాను. కాసేపటికి చూసుకుంటే, ఆడ మొక్కల వరుసలు అని రాయాల్సిన చోట ఆడ మొక్కల రొట్టెలు అని ఉంది.

అప్పుడు వాళ్లలో ఒక పడుచామె గొంతు తగ్గించి అంది. "మల్ల అడుగకే పెద్దమ్మా. గసొంటి సార్లు మన చేతిది తింటరా?"

"రెండుసార్లు అడిగిన. ఇగ నేనెందుకు అడుగుత?" అంది పెద్దామె.

"ఇంటికి పోయి నెత్తి మీద నీళ్లు పోసుకుంటడేమో, మన పక్కన నిలబడ్డందుకు."

నవ్వారు. అది సంతోషపు నవ్వు కాదు.

ఒకప్పుడు మా పొలాల్లో పని చేసిన ఇలాంటి ఆడవాళ్లకు మా ఇంట్లో వాకిలి బయట, దూరంగా విస్తరి వేసేవాళ్లు. అదీ నానమ్మ చెప్పిన నియమమే, అదే గొంతుతో చెప్పింది. దాన్ని నేనెప్పుడో వదిలేశాను. కానీ ఆ సంగతి వీళ్లకెలా తెలుస్తుంది? ఈ గట్టు మీది నుంచి వింటే ఆ 'వద్దు'కూ ఈ 'వద్దు'కూ తేడా ఏముంది? నోరు మూసుకుంటే నా నియమం నిలుస్తుంది, ఆ పడుచామె అన్న మాటా నిజమై నిలుస్తుంది. నోరు తెరిస్తే నియమం పోతుంది. మా ఇంటి నియమాల్లో నాకంటూ మిగిలింది అదొక్కటే.

"అమ్మా, నేను తినలే" అన్నాను. "అబద్ధం చెప్పిన. మా ఇంట్ల మూడుసార్లు అడిగితేనే తినాలె. నువ్వు రెండుసార్లే అడిగినవ్."



"ఏందీ, మూడుసార్లా?" అంది ఒకామె. "మా ముసలోడు ఒక్కసారికి రాకుంటే కుక్కకేస్త!"

నవ్వులు గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకాయి. పెద్దామె మాత్రం నవ్వలేదు. రొట్టెల గిన్నె మీద మూత పెట్టి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. "మా ఇంట్ల గూడ ఒక పద్ధతుంది సారూ. మూడుసార్లు అడిగినోళ్లకే పెడతం. ఇగ నువ్వడుగు."

నిటారుగా నిలబడ్డాను. "పెట్టమ్మా."

"లేదు" అంది.

"ఒకటీ!" అని అరిచారు మిగతావాళ్లు.

"పెట్టమ్మా."

"అయిపోయింది, పో."

"రెండూ!"

మా ఇంట్లో ఎవరి నోటా రాని మాట మూడోసారి నా గొంతు దాకా వచ్చింది. దాంతోపాటు నవ్వూ వచ్చింది. "పెట్టు తల్లీ, సచ్చిపోతున్న!"

మూత లేచింది. ఇస్త్రీ ప్యాంటుతో మట్టిలో కూలబడ్డాను. కాళ్లు కడుక్కోవడం గుర్తే లేదు. రొట్టె నేరుగా నా అరచేతిలో పడింది, దాని మీద పుంటికూర, కూర మీద కారం. పులుపు దవడల్లోకి దూకింది, ఎల్లిపాయ ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆగకుండా తింటూ, తింటూనే నవ్వుతూ ఉన్నాను. దేనికి నవ్వుతున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఇన్నేళ్లుగా ఎన్ని ఇళ్లలో రెండోసారి దగ్గర ఎన్ని భోజనాలు ఆగిపోయి ఉంటాయో అనుకుంటే ఇంకా నవ్వొచ్చింది.

ఆ పడుచామె మాత్రం నా నోటి వైపే చూస్తోంది. నేను రెండు ముద్దలు మింగేదాకా చూసింది. తర్వాత తను తింటున్న రొట్టెలోంచి సగం తుంచి, చెయ్యి చాపి నా ముందు పట్టుకుంది. అందుకుని అదీ తిన్నాను. అప్పుడు ఆమె పక్కకు తిరిగి, "సారుకు ముక్కు కారుతుంది, సూడుర్రి" అంది. ఈసారి నవ్విన నవ్వు వేరు.

ఇంతలో బండి చప్పుడైంది. రైతు మోటరుతో తిరిగొచ్చి, మట్టిలో కూర్చున్న నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో సార్, గిక్కడ తింటున్నరా! మా ఇంట్ల కోడికూర చేయించిన. రాండ్రి సార్, తినాలె."

ఎనిమిది మందీ ఒక్కసారిగా నా ముఖం చూశారు.

"పద" అన్నాను, అప్పటికే లేచి ప్యాంటు దులుపుకుంటూ.

బండి కదులుతుంటే వెనకాల పెద్దామె గొంతు మోగింది. "ఒక్కసారికే పోతుండు, సూడుర్రే!"